ఇంజను తేన్పులకు డబ్బ కట్టిన రాజలింగన్న

నస్పూర్ మెకానిక్ రాజలింగన్న ఇక లేడన్న దుర్వార్త చెవిన పడిన క్షణంలో నేను నా జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను ఛాతీ మీద పెట్టుకుని స్పీకరు నొక్కితే మల్లవ్వ వదినె గొంతు. "తమ్మీ, మీ అన్న పోయిండు" అన్నది. "ఎటు పోయిండు వదినె? దవాఖాన్ల నుంచి వచ్చి వారం గాలే, జర పండుకోమను" అన్నాను. తప్పు నాది కాదు. ఆ మనిషి బతికినన్నాళ్లూ ఎవరిదో ఒక బండి ట్రయల్ చూస్తానని ఎటో ఒకటు పోతూనే ఉన్నాడు. అవతల వదినె బోరుమన్నది. అప్పుడు సంగతి అర్థమై, నిశ్చేష్టుణ్ణి కావలసినవాణ్ణి కాస్తా దిగ్గున లేవబోయాను. గేర్‌బాక్సు నుదుటికి తగిలి కోడిగుడ్డంత బొప్పి కట్టింది. నేను వాళ్లింటికి చేరేసరికి ఆ బొప్పి వంకాయ రంగుకు తిరిగింది. "అయ్యో, పిలగాడు ఎంతగనం తల కొట్టుకున్నడో సూడుండ్రి" అని చుట్టాలంతా ముందు నన్ను పట్టుకుని ఓదార్చారు. యాభైకి దగ్గర పడ్డవాణ్ణి పిలగాడన్నందుకైనా నేను కాదనలేదు.

రాజలింగన్న ఎవరో తెలియని వారి కోసం రెండు ముక్కలు. నస్పూర్‌లో బొగ్గుబాయి పనికి పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. షెడ్డు ముందు ఎప్పుడూ నాలుగు జీపులు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉండేవి. శబ్దమాత్రం చేత రోగనిర్ణయం చేయగల యంత్రవైద్యుడాయన. ఇంజను దగ్గు విని, "దీనికి రింగులు పోయినయి, దీని ఓనరుకు నిద్ర పోయింది" అని చెప్పగలడు. మొదటిది పదిసార్లకు ఎనిమిదిసార్లు నిజమయ్యేది. రెండోది ప్రతిసారీ నిజమయ్యేది, ఎందుకంటే ఆయన బిల్లు చెప్పిన తరువాతే అది చెప్పేవాడు. కోపిష్టి, కబుర్లపోగు, మూర్ఖపు పట్టుదల గలవాడు, ఒట్టు పెట్టి అబద్ధం చెప్పగల ధీరుడు. అయితే ఈ సద్గుణాలన్నీ మన ప్రాంతంలో ఇతరులకూ ఉన్నాయి. ఆయన్ని లోకోత్తరుణ్ణి చేసింది మాత్రం డబ్బ.

ఆ డబ్బ విషయంలో ఆయనకొక కోరిక ఉండేది. మల్లవ్వ వదినె తమ్ముడు, కరీంనగర్‌లో మోటారు సామాన్ల దుకాణం పెట్టుకున్న ఓదెలు బావ, జీవితంలో ఒక్కసారి తన నోటితో "బావా, నీ డబ్బ పనిచేస్తది" అని అనాలి. అంతే. కాశీ వద్దు, గంగ వద్దు. ఆ ఒక్క మాట వినకుండానే ఆయన కన్నుమూశాడు. ఆయన దేహత్యాగం కన్నా ఎక్కువగా మమ్మల్ని కుంగదీసింది ఇదే.

డబ్బ అంటే ఏమిటో చెబుతాను. పెద్ద కంపెనీల వాళ్లు దాన్ని ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటారు, మన దగ్గర డబ్బ అంటే చాలు. దాని తత్త్వాన్ని రాజలింగన్న గురువు శిష్యులకు ఉపదేశించినట్టు ప్రతి గిరాకీకీ ఉపదేశించేవాడు. "ఇంజను గూడ మనిషి లెక్కనే తేన్పుతది కాకా. పైన పేలిన గ్యాసు పిస్టన్ సందుల నుంచి కిందికి జారుతది. కింద నూనె ఉంటది. ఆ తేన్పుల నూనె ఆవిరి కలుస్తది. కంపెనీవోడు ఏం జేసిండు? పొగ బయటికి ఇడవద్దని కానూను ఉన్నది గదా, ఓ పైపు వెట్టి ఆ తేన్పును మల్ల ఇంజను నోట్లెకే తిప్పిండు. నీ తేన్పు నువ్వే మింగు అంటే నువ్వు మింగుతవా? మింగవు గదా? మరి గా మూగజీవి ఏం పాపం జేసింది?" ఇక్కడ ఆయన బానెట్‌ను ఆప్యాయంగా నిమిరేవాడు. ఆ పైపు మధ్యలో ఒక డబ్బ కట్టి, లోపల ఇనుప పీచు కుక్కితే, నూనె ఆవిరి ఆ పీచుకు తగిలి చుక్కలు చుక్కలుగా అడుగుకు దిగుతుంది. శుభ్రమైన గాలి మాత్రం ఇంజనుకు పోతుంది. అడుగున ఉన్న నల్లా, అంటే చిన్న కుళాయి, తిప్పి అప్పుడప్పుడు ఆ నూనె పారబోయాలి. శాస్త్రం ఇంతే. "ఇంజను తేన్పు ఇంజను మింగొద్దు" అన్నది ఆయన మహావాక్యం. షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది. దాని కింద "అప్పు అడుగరాదు" అని ఉన్నందువల్ల చదివిన వాళ్లకు అదంతా ఒకే హెచ్చరికలా కనిపించేది.

ఈ జ్ఞానోదయం ఆయనకు జైనూర్ జీపు వల్ల కలిగింది. జైనూర్ నుంచి ఆసిఫాబాద్‌కు మనుషుల్నీ, మేకల్నీ, ఉల్లిగడ్డ బస్తాల్నీ ఏకకాలంలో మోసే డీజిల్ జీపు ఒకటి ఘాట్ ఎక్కలేక మధ్యలో ఆగిపోయింది. లారీకి కట్టి లాక్కొచ్చి షెడ్డులో పడేశారు. రాజలింగన్న గాలి పోయే గొట్టం విప్పాడు. బొటనవేలు పట్టాల్సిన సందులో చిటికెనవేలు కూడా పట్టలేదు. లోపలంతా నల్లగా, చిక్కగా, నిగనిగలాడుతూ ఒక పదార్థం. డీజిల్ బండికి పొగ మసి ఒక పక్క నుంచి, నూనె ఆవిరి ఇంకో పక్క నుంచి వచ్చి అక్కడ కలుసుకుని కాపురం పెట్టాయన్నమాట. స్క్రూడ్రైవర్‌తో గీకి స్టీలు గిన్నెలో పెట్టాడు. సరిగ్గా అప్పుడే బాయి డ్యూటీ దిగి వచ్చిన ఒకాయన హల్వా అనుకుని వేలు పెట్టి నాకాడు. ఆయన ఆ తరువాత చాలాకాలం మిఠాయి ముట్టలేదు. బెల్లం చూసినా "ఏ బండిది?" అని అడిగేవాడు. గొట్టం కడిగి, డబ్బ కట్టి పంపితే ఆ జీపు ఘాట్ ఎట్లా ఎక్కిందో నేను కళ్లారా చూశాను, నేను అందులోనే ఉన్నాను. మలుపు తిరిగేసరికి మా వెనకాల ఉన్న మా సొంత దుమ్ము మమ్మల్ని అందుకోలేక ఆగిపోయింది. మేకలు కళ్లు మూసుకున్నాయి.

ఆ మొట్టమొదటి డబ్బ మల్లవ్వ వదినె మామిడికాయ తొక్కు సీసా. అందులోని పీచు వదినె గిన్నెలు తోముకునే స్టీలు పీచు. నూతన ఆవిష్కరణలన్నీ ఒక ఆడమనిషి వంటింట్లోంచి ఎత్తుకుపోయిన వస్తువులతోనే జరుగుతాయన్నది నా దృఢవిశ్వాసం. ఆ తరువాత ఆ ఇంట్లో పీచు నిలవలేదు. పొద్దున కొన్నది మధ్యాహ్నానికి ఏదో ఒక బానెట్ కిందికి చేరేది. ఒకరోజు నేను షెడ్డులో ఉండగా వదినె మాడిన కుండ చేత పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, పీచు ఏది?"

"ఏ పీచు?"

"నీ మీసం పీచు! ఏ పీచు అంటవా? కుండ ఎట్ల తోమాలె నేను? పొద్దటి పీచు ఏ బండ్లె వెట్టినవ్?"

"సర్పంచ్ కార్ల వెట్టిన. ఇజ్జత్ బండి అది, తియ్యరాదు."

"అయితే గీ కుండ గూడ సర్పంచ్‌కే ఇయ్యి. ఆయన ఇంట్ల తోమి పంపుతరు."

వదినె నిజంగానే పోయి కుండను సర్పంచ్ ఇంటి ముందు పెట్టి వచ్చింది. కుండ తళతళా మెరుస్తూ తిరిగొచ్చింది. ఎందుకు తోముతున్నామో తోమిన వాళ్లకు తెలియదు.

డబ్బ మీద ఆయనకు ఉన్న భక్తి దేశకాలపాత్రలను దాటిపోయింది. జీపులకు కట్టాడు, ట్రాక్టర్లకు కట్టాడు. పిండిగిర్ని ఇంజనుకు కట్టాడు. పెండ్లి బ్యాండు వాళ్ల జనరేటరుకు కట్టాడు. రెండు చక్రాల బండికి అవసరం లేదయ్యా అంటే, "దానికి మాత్రం కడుపు లేదా?" అని కట్టాడు. కల్లు తాగి అరుగు మీద తేన్పుతున్న వాళ్ల మామను చూసి కాసేపు ఆలోచనలో పడ్డాడు. "అన్నా, వద్దు" అన్నాను. "నేను ఏమన్నన్రా?" అన్నాడు గానీ ఆయన కళ్లు మామ ముక్కును కొలుస్తున్న సంగతి నాకు స్పష్టంగా తెలుసు.

ఇక ఓదెలు బావ కథ. బావా బామ్మర్దులిద్దరూ ఒకప్పుడు విడదీయరాని జంట. కరీంనగర్ నుంచి సామాను పంపేది ఆయన, నస్పూర్‌లో బిగించేది ఈయన. ఓదెలు బావది మెత్తని మాట, రాతి మనసు. దుకాణంలో ఏది అడిగినా "ఉన్నది, కని నీకు అవసరం లేదు" అని చెప్పి గిరాకీని వాపసు పంపగల ఏకైక వర్తకుడు. అట్లాంటి మనిషి కొత్త పెట్రోల్ కారు కొని, దసరా నాడు అక్కకు చూపిద్దామని నస్పూర్ తెచ్చాడు. లోపల ఓదెలు బావ మటన్ తింటున్నాడు. బయట రాజలింగన్న బానెట్ ఎత్తాడు. బావ చేయి కడుక్కుని వచ్చేసరికి కొత్త కారుకు కొత్త డబ్బ, తళతళలాడే స్టీలుది, కట్టి ఉంది.

"ఏంది బావా ఇది? కొత్త బండికి ఎందుకు? ఇది డీజిల్ గాదు గదనే."

"కొత్త పిలగానికి టీకా ఎందుకేస్తరు? గందుకే."

ఇద్దరూ నవ్వుకున్నారు. పండుగ పూట గదా, మల్లవ్వ వదినె బండికి పూజ చేసింది. గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు. రాజలింగన్నకు పూనకం వచ్చినట్టయి, డబ్బకు ప్రత్యేకంగా బొట్టు పెట్టి, పసుపు దారం తీసి దాని నల్లాకు ఏడు చుట్లు చుట్టి ముడివేశాడు. వేసి, మన ఇండ్లల్లో కంకణం కట్టినప్పుడు ఎవరైనా అనే మాటే అన్నాడు. "ఓదెలూ, గీ దారం దానంతట అదే తెగాలె. నువ్వు తెంపద్దు, అరిష్టం."

ఈ ఒక్క వాక్యమే రెండిళ్ల మధ్య గోడ కట్టింది. నల్లా తిప్పితే గదా నూనె బయటికి పోయేది. దారం తెంపితే గదా నల్లా తిరిగేది. ఓదెలు బావ దైవభీతి గలవాడు. దసరా పోయింది, దీపావళి పోయింది, ఎముకలు కొరికే చలి వచ్చింది. చలికాలంలో ఆ డబ్బలో నూనె కన్నా నీళ్లే ఎక్కువ దిగుతాయి. నూనె, నీరు కలిసి మజ్జిగలా పసుప్పచ్చగా నిండుతూ వచ్చింది. బావ రోజూ బానెట్ ఎత్తి దారాన్ని చూసి కళ్లకద్దుకుని మూసేవాడు.

ఓదెలు బావ కొడుకుకు ఆదిలాబాద్‌లో సంబంధం కుదిరి, ఒప్పందానికి బయలుదేరాం. కారు నడిపేది బావ, పక్కన రాజలింగన్న, వెనక నేనూ, వదినె, కొత్త చొక్కాలో పెండ్లికొడుకు. ఆదిలాబాద్ ఊరి మొదట్లో దాకా కారు పెళ్లికూతురిలా నడిచింది. పెండ్లిపిల్ల వాళ్ల వీధి మలుపులో బావ ఉత్సాహంగా ఒక్క తొక్కు తొక్కాడు. అంతే. నిండిన డబ్బలోని మజ్జిగంతా ఇంజను ఒక్క గుటకలో తాగేసింది. వెనక నుంచి తెల్లగా లేచిన పొగను నేను ఇప్పటికీ వర్ణించలేను. వీధి మాయమైంది. ఇండ్లు మాయమయ్యాయి. దోమల మందు బండి వచ్చిందనుకుని జనం కిటికీలు తెరిచి పిల్లల్ని ముందుకు తోశారు. హారతి పళ్లెంతో ఎదురొచ్చిన వియ్యంకురాలు దగ్గుతూ మా కారనుకుని పక్కనున్న కూరగాయల బండికి హారతి ఇచ్చింది. పిల్ల నాయనమ్మ అరుగు మీద నుంచి, "పిలగాడు ఏడే? మంచిగున్నడన్నరు, అసలు కనవడ్తనే లేడు గదా!" అని కేకలు.

పొగ తగ్గాక చూస్తే బానెట్ ముందర బావా బామ్మర్దులు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

"నీ డబ్బ సల్లగుండ! పరాయి ఊళ్లె నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"డబ్బ ఏం జేసింది? ఖాళీ చెయ్యాలె గదరా సన్నాసీ!"

"దారం తెంపద్దన్నది ఎవలు?"

"తెంపద్దంటే నల్లా తిప్పద్దనా? జర తెలివి ఉండాలె!"

"దారం తెంపకుంట నల్లా ఎట్ల తిరుగుతదే?"

ఇక్కడ రాజలింగన్న గొంతు పెంచాడు. "అసలు నీకు మా డబ్బ విలువ ఏం తెలుసురా, సామాన్లు అమ్ముకునెటోనికి!" అన్నాడు. ఓదెలు బావ మెల్లగా, వీధి వీధంతా వినేంత మెల్లగా అన్నాడు. "నీ డబ్బ దండుగ బావా. ఏ బండికీ పనిచెయ్యది." పసుపు దారం మాత్రం అంత గడబిడలోనూ చెక్కుచెదరలేదు.

పెండ్లి జరిగింది. మాటలు ఆగిపోయాయి. అంటే మాటలు ఆగలేదు, దారి మార్చుకున్నాయి. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, మధ్యలో మల్లవ్వ వదినెను కూర్చోబెట్టుకుని ఆమె ద్వారా మాట్లాడుకునేవారు. "అక్కా, పప్పు ఇటియ్యమను." "మల్లవ్వా, చెయ్యి చాపుమను, అందుతది." పాపం, వదినె మొదట్లో మాటలు అందించేది. తరువాత విసుగొచ్చి తిట్లు మాత్రమే అందించేది. ఒకసారి ఇద్దరినీ వదిలేసి లేచి పక్కింటికి పోయింది. వదినె వచ్చేదాకా ఆ ఇద్దరూ మంచానికి చెరో చివర కూర్చుని ఖాళీ జాగా వైపు చూస్తూ ఆమె కోసం ఎదురుచూశారు.

గుండె జబ్బు ముదిరి రాజలింగన్నను కరీంనగర్ దవాఖానలో చేర్చినప్పుడు రోజూ టిఫిన్ డబ్బా తెచ్చింది ఓదెలు బావే. బట్టలు ఉతికించింది, డాక్టరును పట్టుకుని గదమాయించింది, రాత్రి మందులు తెచ్చింది ఆయనే. ఒక పొద్దున నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, ఇడ్లి తినుమను. సల్లగైతున్నయ్."

"తింట గని, గా డబ్బ సంగతి ఏమంటుండో అడుగు."

"పనిచెయ్యదని చెప్పు."

"అయితే ఇడ్లి వద్దని చెప్పు."

వదినె తల పట్టుకుంది. ఓదెలు బావ ఇడ్లీ తుంచి, చట్నీలో అద్ది, రాజలింగన్న నోటి దగ్గర పెట్టాడు. ఆయన నోరు తెరిచి తిన్నాడు. నమిలి మింగి, గోడ వైపు చూస్తూ "చట్నీల ఉప్పు లేదని చెప్పు" అన్నాడు. ఆ క్షణంలో ఓదెలు బావ "పనిచేస్తది" అన్న ఒక్క మాట అనేస్తే ఏం పోయేది అని బయటికొచ్చాక నేను ఆయన్ని నిలదీశాను. "తమ్మీ, సావుకు బయపడి అన్ననని ఆయన కనుక్కుంటడు. గప్పుడు ఇంకింత పరేషాన్ అయితడు" అన్నాడు.

ఆఖరికి ఆ మాట అనిపించుకోకుండానే రాజలింగన్న మహాప్రస్థానం చేశాడు. ఇక మూడో రోజు పిట్టకు పెట్టుడు సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం.

మన దగ్గర ఆనవాయితీ తెలిసిందే. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, గోదావరి ఒడ్డున ఉంచి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అది ముట్టేదాకా బతికున్న వాళ్లెవరూ ముద్ద ముట్టరాదు. మటన్, గుడ్లు, సర్వపిండి, కల్లు, బీడీల కట్ట అన్నీ పెట్టారు. వదినె కొంగులోంచి కొత్త స్టీలు పీచు తీసి విస్తరి పక్కన పెట్టి, "తీస్కో, ఇగ నీదే" అని ఏడ్చింది.

కాకులు వచ్చాయి. చెట్టు మీద వరుసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. కొడుకు శీను చేతులు జోడించి, "బాపూ, అవ్వను మంచిగ సూసుకుంట" అన్నాడు. కాకి దిగలేదు. "షెడ్డు మూసెయ్య బాపూ" అన్నాడు. కాకి మెడ పక్కకు తిప్పింది గానీ దిగలేదు. కులపెద్ద రాజేశమాయన ఆకలికి తాళలేక తనకు సంబంధం లేని వాగ్దానాలు కూడా నాలుగు చేశాడు. లాభం లేదు. అప్పుడు అందరి చూపులూ ఓదెలు బావ మీదికి మళ్లాయి.

"నేనేం జేసిన?" అన్నాడు ఆయన.

"ఏం జెయ్యలే, గదే లొల్లి" అన్నది మల్లవ్వ వదినె. "చెప్పురా ఆ మాట. మూడొద్దుల సంది నేను గూడ అన్నం తిన్లే."

ఓదెలు బావ రెండడుగులు ముందుకు వేశాడు. గొంతు సవరించుకుని, "బావా, నీ డబ్బ పనిచేస్తది. అన్ని బండ్లకు పనిచేస్తది" అని గబగబా అనేశాడు.

చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి ఇంకా దూరం చెట్టు మీదికి పోయి కూర్చున్నాయి.

రాజేశమాయన నెత్తి కొట్టుకున్నాడు. "అబద్దం జెప్తివి గదరా! బతికినప్పుడే ఆయన దగ్గర అబద్దం నడువకపాయె, సచ్చినంక నడుస్తదా? సక్కగ చెప్పరాదు!"

అప్పుడు ఓదెలు బావ ముఖం ఎర్రబడింది. చేతులు నడుముకు ఆన్చుకుని, ఆదిలాబాద్ వీధిలో నిలబడ్డట్టే నిలబడ్డాడు. మూడేళ్ల తరువాత మొదటిసారి, మధ్యలో ఎవరూ లేకుండా, నేరుగా తన బావతో మనసులో ఉన్నది మాట్లాడాడు.

"అయితే ఇను బావా! నా దుకాణంల డీజిల్ ఆటో ట్రాలీ ఉన్నది సూడు, సామాను మోసేది? దానికి నువ్వు ఎన్నడో కట్టిన డబ్బ నేను ఇయ్యాల్టి దాక ఇప్పలే. ఆదిలాబాద్ల అంత లొల్లి అయినంక గూడ ఇప్పలే. నెలకోసారి నల్లా తిప్పి నేనే సొంతం పారవోస్తున్న. చారు గిన్నెడు దిగుతది, నల్లగ. గా గొట్టం ఇప్పి సూసిన, అద్దం లెక్కున్నది. డీజిల్‌కు పనిచేస్తది. ఒప్పుకుంటున్న. నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు నన్ను ఊరంత తిప్పి చెప్పిస్తవు గనుక చెప్పలే! కని నా పెట్రోల్ కారుకు నూనె చెంచడు గూడ దిగలే బావా. గా దిగింది సుత నీళ్లే. ఇంజను నోట్లె పెట్రోలే కడుక్కుంట పోతది గా బండికి, నీ డబ్బతోని దానికి పనే లేదు. పనిచెయ్యది, పనిచెయ్యది, పనిచెయ్యది! ఖాళీ చెయ్యనోనికైతే ఏ బండికి కట్టినా నష్టమే. గిది నిజం. నువ్వు లేసొచ్చి తన్నినా గిదే చెప్త!"

దూరపు చెట్టు మీద నుంచి ఒక కాకి లేచింది. ముసలిది, కాస్త కుంటిది. నేరుగా వచ్చి విస్తరి అంచు మీద వాలింది. మెడ ఒక పక్కకు వంచి, ఇంజను చప్పుడు వింటున్నట్టు కాసేపు ఓదెలు బావను చూసింది. తరువాత మటన్ ముక్క నోట కరుచుకుని తిన్నది. ఇంకో ముక్క తిన్నది. కల్లు ముంతలో ముక్కు పెట్టి తల ఎత్తింది. "ముట్టింది, ముట్టింది!" అని జనం అరిచారు. రాజేశమాయన అప్పటికే అన్నాల వైపు నడుస్తున్నాడు. నేను అతిశయోక్తి చెబుతున్నానని అనుమానించేవారు నస్పూర్ వచ్చి ఆకలితో ఉన్న అరవై మందిని అడగవచ్చు.

అందరూ స్నానాలు చేసి తడి బట్టలతో తిరిగొస్తుంటే ఓదెలు బావ ఒక్కడే రాతి మీద కూర్చుండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంతదాకా, చావు నాడు సైతం, ఆయన కంట చుక్క రాలేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

మహాత్ముల స్మృతికి అంజలి ఘటించేటప్పుడు పూడ్చలేని లోటు అని రాయడం రివాజు. రాజలింగన్న లేని లోటు ఎంతదో కొలిచి చెప్పగలిగిన మాట నా దగ్గర లేదు. ఆ రాతి మీద ఓదెలు బావ అన్నదే చేతులు జోడించి ఇక్కడ పెడుతున్నాను.

"ముట్టింది గద బావా, ఇంక ఎందుకు ఏడుస్తవు?" అన్నాను నేను.

"పెట్రోల్ బండికి పనిచెయ్యదని మొకం మీదనే చెప్పిన తమ్మీ" అన్నాడు ఆయన, తువ్వాలతో ముక్కు తుడుచుకుంటూ. "ఒక్క మాట ఎదురనకుంట తిని పోయిండు. మా బావ నిజంగనే సచ్చిపోయిండు."